‘గెస్ హూ’ పెట్టె మన ఇంగ్లీషు క్లాసులో పనికొస్తుందా?

ఒక పెట్టె కొనండి. ఇంకా డబ్బుంటే జిరాక్సుకీ లామినేషన్‌కీ పెట్టండి గానీ రెండో పెట్టె మాత్రం కొనకండి. ‘గెస్ హూ’ అనే బోర్డు ఆట కొనాలా వద్దా అని అడిగే ఇంగ్లీషు టీచర్లకి సూటిగా చెప్పాల్సిన జవాబు ఇదే.

ఆట తెలియనివాళ్ళకి ముందు పెట్టెలో ఏముంటుందో చెప్పాలి. ఎరుపు ఒకటి, నీలం ఒకటి, రెండు ప్లాస్టిక్ పలకలు. ఒక్కో పలక మీద వాల్చి లేపగలిగే 24 చిన్న తలుపులు. ఒక్కో తలుపు మీద ఒక మనిషి ముఖం, కింద పేరు. రెండు పలకల మీదా ఉండేది అదే 24 మంది. ఇవి కాక అవే ముఖాలతో 24 చీట్ల కట్ట ఒకటి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చెరో చీటీ తీసి దాచుకుంటారు. ఎదుటివాళ్ళ చీటీలో ఎవరున్నారో కనిపెట్టాలి. వంతుకి ఒకే ప్రశ్న, అదీ అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నే అయ్యుండాలి. జవాబును బట్టి కాని ముఖాల్ని వాల్చేస్తూ పోతే చివరికి ఒక్క తలుపు నిలబడుతుంది. కోస్టర్ దంపతులు థియో, ఓరా దీన్ని రూపొందించారు. 1979లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ బయటికి తెచ్చింది, 1982లో అమెరికా చేరింది. ఇప్పుడు హాస్‌బ్రో పేరు మీద అమ్ముతున్నారు. ఆడేది ఇద్దరు, వయసు ఆరేళ్ళ పైన.

భాష నేర్పేవాళ్ళు దీని మీద ఇంత మోజు పడడానికి కారణం ఉంది. నీకు తెలిసింది నాకు తెలియదు, అడిగితే తప్ప తెలిసే దారి లేదు. ఇంగ్లీషు బోధనలో దీన్నే ఇన్ఫర్మేషన్ గ్యాప్ అంటారు. టీచర్ చేతిలో పెన్ను పట్టుకుని ‘ఈజ్ దిస్ ఎ పెన్?’ అనడంలో ఆ గ్యాప్ లేదు. అది పెన్నేనని క్లాసంతటికీ తెలుసు. తమాషా ఏమిటంటే, ఈ పెట్టె వచ్చిన 1979లోనే బెంగళూరులో ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు తన ప్రాజెక్టు మొదలుపెట్టారు. వ్యాకరణ సూత్రాలు వల్లె వేయించకుండా, పిల్లల ముందు పనులు పెట్టి ఇంగ్లీషు నేర్పవచ్చునని 1984 దాకా దక్షిణాది బడుల్లో చేసి చూశారు. అక్కడి పనుల్లో ఒక రకం ఈ ఇన్ఫర్మేషన్ గ్యాపే.

అయితే మన పిల్లల విషయంలో ఈ ఆటకి ఇంకో అదనపు విలువ ఉంది. పెట్టె మీద రాసి ఉండదది. దాన్ని తయారుచేసినవాళ్ళకీ తెలిసి ఉండదు.

తెలుగులో ప్రశ్న అడగడానికి మాటల వరస మార్చక్కర్లేదు. ‘టోపీ పెట్టుకున్నాడు’ చివర ఒక దీర్ఘం తీస్తే ‘టోపీ పెట్టుకున్నాడా?’ అయిపోతుంది. ఇంగ్లీషులో క్రియాపదం ముందుకి దూకాలి. ఆ అలవాటు లేక మన పిల్లలు ‘హీ ఈజ్ వేరింగ్ హ్యాట్ ఆ?’ అంటారు, ఇంకాస్త తొందరలో ‘హ్యాట్ వేరింగ్ ఆ?’ అనేస్తారు. ఆ చివరి ‘ఆ’ అచ్చ తెలుగు. రెండోది, తెలుగులో ‘హ్యావ్’ అనే క్రియే లేదు. మనకి మీసం ‘ఉంటుంది’, అంతే. ‘అతనికి మీసం ఉంది’ని మనసులో పెట్టుకున్న పిల్లవాడు ‘మొస్టాష్ ఈజ్ దేర్ ఆ?’ అంటే అది తెలివితక్కువతనం కాదు, నిఖార్సయిన తెలుగు వ్యాకరణం. మూడోది ఇంకా చిత్రం. మనం టోపీ పెట్టుకుంటాం, చొక్కా వేసుకుంటాం, చీర కట్టుకుంటాం, తలపాగా చుట్టుకుంటాం. ఇంగ్లీషువాడు అన్నిటికీ ‘వేర్’ అంటాడు. ‘గెస్ హూ’లో అడిగే ప్రశ్నలన్నీ సరిగ్గా ఈ మూడు మెలికల మీదే తిరుగుతాయి. ఈజ్ హీ వేరింగ్, డజ్ హీ హ్యావ్, ఈజ్ హీ బాల్డ్. ఇంతకన్నా గురిగా తెలుగు పిల్లల కోసం వ్యాయామం రాయమన్నా రాయడం కష్టం.

జవాబు చెప్పేవాళ్ళకీ ఒక మెలిక ఉంది. ‘కళ్ళద్దాలు లేవా?’ అంటే మనం ‘ఊఁ, లేవు’ అంటాం, అంటే నువ్వన్నది నిజమేనని. ఇంగ్లీషులో అదే సందర్భానికి ‘నో’ అనాలి. ‘ఈజంట్ హీ వేరింగ్ గ్లాసెస్?’ అని ఒకడు అడగడం, రెండోవాడు తెలుగు లెక్కన ‘యెస్’ అనడం, మొదటివాడు ఉండాల్సిన ముఖాలన్నీ వాల్చేయడం, ఆట చివర ఇద్దరూ కొట్టుకోవడం, ఇదంతా ఒక్క పీరియడ్‌లో జరిగిపోతుంది. మొదటి నెల ‘లేవా’, ‘కాదా’ తరహా ప్రశ్నలు పూర్తిగా నిషేధించండి. తొమ్మిదో తరగతికి మాత్రం కావాలనే అవే అడిగించండి. ఈ తేడా నేర్పడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ఇక లోపాలు. అన్నిటికన్నా పెద్దది, వాక్యం లేకుండానే గెలవచ్చు. ‘హ్యాట్?’ ‘యెస్.’ ‘గ్లాసెస్?’ ‘నో.’ ఇలా పది మాటల్లో ఆట ముగుస్తుంది, ఇంగ్లీషు ఏమీ జరగదు. పెట్టెలోని నియమాల కాగితం దీన్ని అడ్డుకోదు, అది ఇంగ్లీషు వచ్చినవాళ్ళ కోసం రాసింది. అందుకని మీరే ఒక నియమం చేర్చాలి: మొదటి మాట ‘ఈజ్’ గానీ ‘డజ్’ గానీ కాకపోతే ఎదుటివాళ్ళు జవాబు చెప్పరు. అంతకన్నా ఎక్కువ పెట్టకండి. వాక్యం మొత్తం తప్పు లేకుండా ఉండాలని నియమం పెడితే ఎదుటివాళ్ళు న్యాయమూర్తులైపోయి, ‘ఏ’ రాలేదని, ‘ఎస్’ పలకలేదని ఆట ఆపేస్తారు. మొదటి మాట ఒక్కటైతే ఆరో తరగతి పిల్లలు కూడా తగువు లేకుండా పట్టుకోగలరు. తప్పు చేసినవాళ్ళు వంతు కోల్పోనక్కర్లేదు, మళ్ళీ అడిగితే చాలు. ఆ మళ్ళీ అడగడమే మనకి కావాల్సింది.

రెండో లోపం లెక్కది. తొలి ముద్రణలో 24 మందిలో ఆడవాళ్ళు 5గురే, మగవాళ్ళు 19. టోపీలు 5, కళ్ళద్దాలు 5, మీసాలు 5, బట్టతలలు 5, గడ్డాలు 4. అంటే ఏ ప్రశ్న వేసినా ‘కాదు’ అనే జవాబు వచ్చే అవకాశమే ఎక్కువ. టోపీ కాదంటే 19 మిగులుతారు. కళ్ళద్దాలూ కాదంటే 15, మీసమూ కాదంటే 10. గెలవాలనుకునేవాడికి విసుగు. ఇంగ్లీషు టీచర్‌కి మాత్రం పండగ! ఒక్కో ప్రశ్నతో కొద్దిమందే పోతే ఇంకా ఎక్కువ ప్రశ్నలు అడగక తప్పదు కదా. ఈ లోపాన్ని సరిదిద్దకండి.

సరిదిద్దాల్సింది పిల్లలు కనిపెట్టే దొంగదారిని. లెక్కల్లో చురుకైనవాడు రెండో రోజే ‘పేరులో మొదటి అక్షరం ఎం కన్నా ముందుదా?’ అని అడుగుతాడు. ఒక్క దెబ్బకి దాదాపు సగం మంది పోతారు. అలాగే కోసుకుంటూ పోతే 24 కాస్తా 12, 6, 3 అయి, ఎంత దురదృష్టమైనా అయిదు ప్రశ్నల్లో తేలిపోతుంది. మెచ్చుకోవాల్సిన తెలివే, కానీ మీసాలూ గడ్డాలూ అన్నీ మూలకి పోతాయి. పేరు గురించి, వరస గురించి, పై వరసా కింది వరసా అంటూ ప్రశ్నలు ఉండవని ముందే బోర్డు మీద రాసేయండి. ‘టోపీ గానీ కళ్ళద్దాలు గానీ ఉన్నాయా?’ అనే ‘ఆర్’ ప్రశ్న కూడా దాదాపు సగానికి కోస్తుంది. దాన్ని చిన్న తరగతుల్లో వద్దనండి, పెద్ద తరగతుల్లో రానివ్వండి. ‘డజ్ షీ హ్యావ్ లాంగ్ హెయిర్ ఆర్ ఇయర్‌రింగ్స్?’ అని తడుముకోకుండా అడగగలిగిన పిల్లకి ఇంగ్లీషు వచ్చినట్టే.

మూడో లోపం ముఖాలది. పెట్టెలో తెల్లజుట్టు, నారింజ జుట్టు, బంగారు రంగు జుట్టు, గోధుమ రంగు జుట్టు. పాశ్చాత్య దేశంలో ఇవి సహజం. మన క్లాసులో నలభై మందిదీ నల్లజుట్టే. ‘బ్లాండ్’ అనే మాట నేర్పడానికి అయిదు నిమిషాలు పోతాయి, అది మళ్ళీ జన్మలో వాడరు. పైగా నారింజ రంగులో కనిపించే జుట్టుని ‘రెడ్’ అనాలంటే ఏ పిల్లవాడైనా ఎదురు తిరుగుతాడు, వాడిదే న్యాయం. తర్వాతి ముద్రణల్లో ముఖాలు మారాయి, ఆడవాళ్ళ సంఖ్యా పెరిగింది. జుట్టు రంగుల గొడవ మాత్రం పోలేదు.

నాలుగోది సంఖ్య. ఒక పెట్టెకి ఇద్దరు. నలభై మంది క్లాసులో ఇద్దరు ఆడితే 38 మంది చూస్తారు, లేదా చూడడం మానేస్తారు. తలుపు మీది బొమ్మ అరచేతిలో సగం కూడా ఉండదు కాబట్టి ముందు నిలబడి చూపించడానికీ పనికిరాదు. తలుపులు వాలేటప్పుడు టపటపమని చప్పుడు. పది పెట్టెలు ఒకేసారి ఆడితే పక్క క్లాసు టీచర్ తలుపు దగ్గరికి వస్తారు.

అందుకే పెట్టె ఒక్కటి చాలంటున్నాం. ఆట పద్ధతి తెలియడానికీ, బడి లైబ్రరీలో విరామంలో ఆడుకోవడానికీ, తలుపు వాల్చే ఆ సరదా పిల్లలకి రుచి చూపించడానికీ. క్లాసు పనికి మాత్రం కాగితం ముఖాలే.

కాగితం ముఖాలు చేసుకోవడం

పెట్టెలోని బొమ్మల్ని జిరాక్సు తీయకండి. అవి కంపెనీ సొత్తు, పైగా రంగు పోతే సగం తేడాలు కనబడవు. బొమ్మలు బాగా వేసే పిల్లలు ప్రతి బడిలో ఇద్దరైనా ఉంటారు, వాళ్ళ చేత వేయించండి. ఏ4 కాగితం అడ్డంగా పెట్టి ఆరు నిలువు వరసలు, నాలుగు అడ్డ వరసలు, ఒక్కో గడి 4.5 సెంటీమీటర్లు. చుట్టూ అంచు కూడా మిగులుతుంది. నల్ల పెన్నుతోనే గీయాలి. తేడాలన్నీ గీతలో ఉండాలి గానీ రంగులో ఉండకూడదు, అప్పుడే పది పైసల తేడా లేకుండా ఏ జిరాక్సు సెంటర్‌లోనైనా తీయించుకోవచ్చు.

పన్నెండు మంది మగవాళ్ళు, పన్నెండు మంది ఆడవాళ్ళు. మగవాళ్ళలో మీసం 7గురికి, గడ్డం 4గురికి, తలపాగా 4గురికి, బట్టతల 3గురికి. ఆడవాళ్ళలో జడ 6గురికి, తలలో పూలు 5గురికి, ముక్కుపుడక 5గురికి, చెవి జూకాలు 6గురికి. కళ్ళద్దాలు అటు 4, ఇటు 4. తెల్లజుట్టు అటు 3, ఇటు 3. ఏ రెండు ముఖాల్ని పక్కపక్కన పెట్టినా కనీసం రెండు తేడాలుండాలి. ఒక్క తేడానే ఉంటే, అది జిరాక్సులో సరిగా పడకపోతే ఇద్దరు కవలలై కూర్చుంటారు.

గీసేటప్పుడు తప్పిపోయే సంగతులు కొన్ని ఉన్నాయి. ముక్కుపుడకని చుక్కలా పెడితే జిరాక్సు మచ్చ అనుకుంటారు, రింగులా గీయండి. జడ వెనక ఉంటే కనపడదు, భుజం మీంచి ముందుకి వేసినట్టు గీయాలి. తలపాగా ఉన్నవాడికి తెల్లజుట్టు లెక్కలో వేయకండి. జుట్టు కనపడందే జవాబెలా చెప్పడం? బట్టతల వాళ్ళకీ అంతే. రెండు రోజుల గడ్డంలా చుక్కలు పెట్టకండి, ‘ఉందా లేదా’ అని పంచాయితీ. ఒంటి రంగు, లావు సన్నం, ఈ రెండిట్నీ ఆటలోకి రానివ్వకూడదు. క్లాసులో ఎవరినో చూపించి నవ్వడానికి ఒక్క ప్రశ్న చాలు. అదే కారణానికి క్లాసు పిల్లల ఫోటోలూ వాడొద్దు. పేర్లు చిన్నవి పెట్టండి, రవి, లత, బాబు, సల్మా, జాన్ లాంటివి. మూడక్షరాలు దాటితే గడిలో పట్టవు.

కాగితాన్ని పాత నోటుబుక్కు అట్టకి అంటించి లామినేషన్ చేయించండి. నలభై మందికి ఇరవై పలకలు, చీట్ల కోసం ఇంకో పది కాగితాలు కత్తిరిస్తే సరి. తలుపుల బదులు చింతపిక్కలు. పలకకి 24 లెక్కన 480 కావాలి. వేసవిలో చింతపండు కొట్టే ఇళ్ళున్న ఊళ్ళో ఇదేం పెద్ద లెక్క కాదు. చింతపిక్కలో సుఖమేమిటంటే ముఖం మీద పెట్టినా బొమ్మ కొంచెం కనబడుతూనే ఉంటుంది, తప్పు పెడితే తీసి సరిచేసుకోవచ్చు. కష్టమేమిటంటే బల్ల కదిలితే ఆటంతా నేల మీద. ఏటవాలు బెంచీలున్న క్లాసులో పిక్కలు ఆగవు. అక్కడ వైట్‌బోర్డు మార్కర్‌తో లామినేషన్ మీద అడ్డగీత కొట్టించి, తర్వాత గుడ్డతో తుడిపించండి. మార్కర్లు మాత్రం మీరే పంచండి. ఎవడో ఒకడు పర్మనెంట్ మార్కర్ తెస్తాడు, ఆ పలక అంతటితో సరి.

పీరియడ్‌లో

నలుగురు నలుగురుగా పది గుంపులు చేయండి. ఇద్దరికి ఇద్దరు పోటీ. జట్టులో ఒకరు అడిగితే ఇంకొకరు పిక్కలు పెట్టాలి, ప్రతి ప్రశ్నకీ పని మారాలి. మారకపోతే మాట్లాడే పిల్లే మాట్లాడుతుంది, రెండో పిల్ల పిక్కలు లెక్కపెడుతూ కూర్చుంటుంది. రెండు జట్ల మధ్య స్కూలు బ్యాగు నిలబెడితే అదే గోడ.

మొదటి అయిదు నిమిషాలు మాటలకి. ఎనిమిదికి మించి వద్దు. ఇక్కడే మన తెలుగు చిక్కులు తెచ్చిపెడుతుంది. ‘గడ్డం’ అంటే మనకి పెరిగిన వెంట్రుకలూ, చుబుకమూ రెండూను. డిక్షనరీ చూసి వచ్చిన పిల్లవాడు ‘డజ్ హీ హ్యావ్ ఎ చిన్?’ అంటే నవ్వకండి, చుబుకం చూపించి ‘చిన్’, వెంట్రుకలు చూపించి ‘బియర్డ్’ అనండి. ఆ ‘బియర్డ్’ని తొందరలో ‘బర్డ్’ అనేస్తారు, అప్పుడు మాత్రం క్లాసంతా నవ్వుకోవచ్చు. బట్టతలకి ‘బాల్డ్’, ధైర్యానికి ‘బోల్డ్’. నోరు గుండ్రంగా పెట్టే తేడా బోర్డు మీద గీసి చూపాలి. జడకి ‘బ్రెయిడ్’ అని చెప్పండి. బ్రిటిష్ మాట ‘ప్లాట్’ చెబితే పిల్లలకి రియల్ ఎస్టేట్ గుర్తొస్తుంది. మీసాల్ని మనం బహువచనంలో కూడా అంటాం, ఇంగ్లీషులో ‘ఎ మొస్టాష్’, ఒక్కటే. జుట్టుకి ‘హెయిర్’, చివర ‘ఎస్’ లేదు, ముందు ‘ఎ’ లేదు. కళ్ళద్దాలు ఒక్కటే మనకీ వాళ్ళకీ బహువచనం, ఆ ఒక్క మాటలో తప్పు రాదు.

తర్వాత ఎనిమిది నిమిషాలు బోర్డు మీద ఆరు ముఖాలతో ఆడి చూపించండి. ఈ మెట్టు వదిలేసిన టీచర్లు తర్వాత పది గుంపుల దగ్గరా విడివిడిగా ఇదే చెప్పాల్సి వస్తుంది. పిల్లలు పడే గోతి ఒక్కటే: ‘టోపీ ఉందా?’ ‘నో’ అనగానే టోపీ లేనివాళ్ళ మీద పిక్కలు పెట్టేస్తారు. టోపీ ఉన్నవాళ్ళ మీద కదా పెట్టాలి! ‘కాదన్నది ఎవరికుందో వాళ్ళు అవుట్’ అని తెలుగులోనే చెప్పేయండి. నియమాలు ఇంగ్లీషులో చెప్పి పావుగంట పోగొట్టుకోవడంలో పుణ్యమేమీ లేదు.

మగా ఆడా తెలియకముందు ‘హీ’ అనాలా, ‘షీ’ అనాలా? ‘డజ్ యువర్ పర్సన్ హ్యావ్…?’ అని మొదలుపెట్టించండి. ఒకసారి మగా ఆడా తేలాక ‘హీ’, ‘షీ’లకి మారాలి. తెలుగులో ‘వచ్చింది’ అన్నది ఆవిడకీ పనికొస్తుంది, ఆవుకీ పనికొస్తుంది కాబట్టి ‘షీ’ బదులు ‘ఇట్’ జారుతుంటుంది. అది ఆటలో వెంటనే సరిచేయక్కర్లేదు, చీటీలో రాసుకుని చివర్లో చెప్పండి.

‘డజ్ హీ హ్యావ్’ నేర్పాలా, ‘హ్యాజ్ హీ గాట్’ నేర్పాలా అనేది ఇంకో చర్చ. బ్రిటిష్ పుస్తకాల్లో రెండోది ఎక్కువ కనిపిస్తుంది. అందులో సౌకర్యం ఉంది, ఉన్న మాట ముందుకి వస్తే చాలు. ‘డజ్’ వాడితే ‘హ్యాజ్’ని ‘హ్యావ్’గా మార్చాలి, అక్కడే ‘డజ్ హీ హ్యాజ్’ పుడుతుంది. మన పరీక్షల్లో మాత్రం ‘డూ’, ‘డజ్’ ప్రశ్నలే ఎదురవుతాయి కాబట్టి ఆ కష్టం ఇక్కడే పడడం మేలు. రెండూ కలిపి నేర్పితే ‘డజ్ హీ గాట్’ వింటారు.

ఆ తర్వాత పదేసి నిమిషాలు రెండు ఆటలు. ప్రశ్న, జవాబు, పిక్కలు అంతా కలిపి అరనిమిషం అనుకుంటే ఒక ఆటలో 20 ప్రశ్నలు, నలుగురికీ తలా 5. రెండు ఆటలకి తలా 10. అదే టీచర్ ఒక్కొక్కరినీ లేపి అడిగితే 45 నిమిషాల పీరియడ్‌లో తలా ఒక నిమిషానికి కాస్త పైన మాత్రమే వస్తుంది. జట్టులో గుసగుసలు తెలుగులో నడవనివ్వండి. ‘ఒరేయ్, ముందు కళ్ళద్దాలు అడగరా, ఎనిమిది మంది పోతారు’ అని ఒకడంటే అది ఆలోచన, దాన్ని ఇంగ్లీషులో అనమంటే ఆలోచనే ఆగిపోతుంది. బ్యాగు దాటి వెళ్ళే మాట మాత్రం ఇంగ్లీషు.

‘ఈజ్ ఇట్ లత?’ అని మొదటి వంతులోనే గుడ్డిగా అడిగేవాళ్ళు ఉంటారు. పెట్టె నియమం ప్రకారం పేరు తప్పు చెబితే ఆట ఓడినట్టే. ఇది మంచి నియమం, అలాగే ఉంచండి. చివరి పది నిమిషాల్లో ఎవరి చీటీలోని మనిషి గురించి వాళ్ళు మూడు వాక్యాలు రాయాలి, పేరు లేకుండా. గోడకి అంటిస్తే మర్నాడు వచ్చిన పిల్లలు ఎవరో కనిపెడతారు. ప్రశ్నలో ‘డజ్ షీ హ్యావ్’ అని నేర్చుకున్న పిల్ల ఇక్కడ ‘షీ హ్యాజ్’ రాయాలి. ఆ మార్పు ఎంతమందికి వచ్చిందో ఆ గోడే చెబుతుంది.

ఎన్నాళ్ళు నడుస్తుంది?

రెండు మూడు వారాలు. 24 ముఖాలూ కంఠతా వచ్చేశాక ప్రశ్నలు యాంత్రికమవుతాయి. అప్పుడు ముఖాలు మార్చాలి, పెట్టెకి ఆ వీలు లేదు, కాగితానికి ఉంది. 24 కూరగాయలు వేస్తే ‘డజ్ ఇట్ గ్రో అండర్ ద గ్రౌండ్?’, ‘కెన్ వి ఈట్ ఇట్ రా?’ వస్తాయి. 24 వృత్తులు వేస్తే ‘డజ్ షీ వర్క్ ఎట్ నైట్?’ వస్తుంది. ముఖాల్లో కన్నా ఇందులోనే క్రియలు ఎక్కువ, ఆలోచనా ఎక్కువ. బస్ కండక్టర్ రాత్రి పనిచేస్తాడా లేదా అని వాదన వస్తుంది, రానివ్వండి. తొమ్మిది, పది తరగతులకి అవే పాత ముఖాలతో దొంగతనం కథ కట్టండి. నిన్న దొంగని చూసిన సాక్షి ఒకరు, పోలీసులు ముగ్గురు. ‘వజ్ హీ వేరింగ్…?’, ‘డిడ్ హీ హ్యావ్…?’ అంటూ ఆట మొత్తం భూతకాలంలోకి మారుతుంది. ఒకటి, రెండు తరగతులకి 24 ముఖాలు చాలా ఎక్కువ, ఎనిమిది చాలు.

ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకి క్లాసు సాధనంగా దీన్ని సిఫారసు చేయలేం. వాళ్ళకిది ఆటే, అంతకుమించి ఏమీ కాదు. ‘మరి స్క్రాబుల్?’ అని అడుగుతారు. అక్షరాలు పేర్చి మాటలు కట్టే ఆట అది. దాని 100 బిళ్ళలతో అర్థం తెలియని మాటలు పేర్చి కూడా గెలవచ్చు, నోరు తెరవక్కర్లేదు. స్పెల్లింగ్‌కి మంచిది, మాటకి కాదు.

పెట్టె కొనేటప్పుడు రెండు పలకల మీదా 24 తలుపులూ ఉన్నాయో లేదో, ప్రతిదీ గట్టిగా నిలబడుతోందో లేదో వాల్చి లేపి చూడండి. కీలు వదులైతే తలుపు దానంతటదే పడిపోయి ఆట చెడుతుంది. ముఖాల కాగితాలు తలుపుల్లోకి మనమే దూర్చుకోవాల్సిన రకమైతే దూర్చాక అంచుకి సన్నగా టేపు వేయండి, లేకపోతే నెలలోనే నలుగురైదుగురు కనిపించకుండా పోతారు. వేరే పేర్లతో వచ్చే నకళ్ళలో రెండు పలకల మీద ముఖాలు ఒకటే ఉన్నాయో లేదో తప్పక చూడాలి. ఒక్క ముఖం తేడా వచ్చినా ఆట నడవదు.

కాగితం పలకల వెనక 1 నుంచి 20 దాకా అంకెలు వేయండి. ఒక్కోదానికి ఒక జిప్ కవరు, అందులో పలక, 24 పిక్కలు. చీట్ల కట్టలు పది, గుంపుకి ఒకటి, వాటికి వేరే డబ్బా. పీరియడ్ చివర రెండు నిమిషాలు లెక్కకి ఉంచుకోండి, ‘హౌ మెనీ?’ అని మీరు అడిగితే ‘ట్వెంటీ ఫోర్’ అని ప్రతి జట్టూ చెప్పాలి. ట్వెంటీ త్రీ అన్న జట్టు బెంచీ కింద వెతుక్కుంటుంది.